ఉదయగిరి దుమ్ము, డీజిల్ బండి ఊపిరి

ఒక లీటరు డీజిల్ పూర్తిగా కాలాలంటే కనీసం 12 కిలోల గాలి కావాలి. మన ఎండల్లో అది 10,000 లీటర్ల పైమాటే. పొగ రాకుండా తిరగడానికి ఇంజిన్ అంతకంటే ఎక్కువే పీలుస్తుంది. 2,523 సీసీల బొలెరో పికప్ ఇంజిన్ నిమిషానికి 2,000 చుట్లు తిరిగితే, టర్బో సాయం లెక్కలో వేసుకోకుండానే, నిమిషానికి రెండున్నర వేల లీటర్ల గాలి లోపలికి లాగుతుంది. మన ఉదయగిరి ప్రాంతం నుంచి పొగాకు చెక్కులు వేసుకుని డీసీపల్లికో, కలిగిరికో వేలానికి పోయే బండి మట్టిదారిలో ముందుబండి వెనకాల ఎంత దుమ్ము మింగుతుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఆ దుమ్ము మామూలుది కాదు. భూగర్భ శాస్త్రజ్ఞులు నెల్లూరు షిస్టు పట్టీ అనే పురాతన రాతిపొరల్లో ఒక భాగానికి ఉదయగిరి పేరు, మరో భాగానికి వింజమూరు పేరు పెట్టారు. ఉదయగిరి భాగంలో అభ్రకం, పలుగురాయి కలిసిన రాళ్లు ఎక్కువ. పలుగురాయి కాఠిన్యం మోస్ కొలతలో 7. సిలిండర్లు చేసే పోత ఇనుము దానికంటే మెత్తన. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లయితే, పిస్టన్ రింగులను ఎక్కువగా అరగదీసేవి 5 నుంచి 20 మైక్రాన్ల రేణువులు. అవి కంటికి కనబడవు. దుత్తలూరు చుట్టుపక్కల బండి నడిపేవాళ్లు గాలి దారి మీద పెట్టే మొదటి రూపాయి దుమ్మును ఆపడానికే పెట్టాలని నేను గట్టిగా చెప్పేది ఇందుకే.

పాత డీజిల్ ఇంజిన్లలో పెట్రోలు బండికి ఉన్నట్టు గాలిని అడ్డుకునే మూత ఉండదు. యాక్సిలరేటర్ తొక్కితే పెరిగేది డీజిల్ ధార మాత్రమే. గాలి ఎప్పుడూ అవసరానికి మించే ఉంటుంది. కాబట్టి డీజిల్ పెంచకుండా పెద్ద ఫిల్టర్ ఒక్కటే బిగిస్తే బండి బలం చెప్పుకోదగ్గంత పెరగదు. పెరిగేది గాలి పీల్చే చప్పుడు. ఆ చప్పుడు విని బండి హుషారైందని నమ్మి డబ్బు పోసేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అదనపు గాలి లేకపోయినా బండి పని సాగుతుంది: 2005లో వచ్చిన మొదటి టాటా ఏస్ రెండు సిలిండర్ల, 702 సీసీల, టర్బో లేని ఇంజిన్‌తోనే సరుకు మోసింది.

టర్బో ఆలోచనకు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూషి 1905లోనే పేటెంట్ తీసుకున్నాడు. చిన్న టర్బో చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. ఫిల్టర్‌కీ టర్బోకీ మధ్య ఉన్న రబ్బరు పైపు పగిలినా, క్లిప్పు వదులైనా, వడకట్టని దుమ్ము నేరుగా ఆ రెక్కల మీదికే పోతుంది. పైపు విప్పి లోపల వేలితో రుద్ది చూడండి. గరుగ్గా తగిలితే ఎంత ఖరీదైన ఫిల్టర్ ఉన్నా దండగే. ఇక టర్బోకీ ఇంటర్‌కూలర్‌కీ మధ్య పైపు కారితే బండి లాగదు, నల్లపొగ వదులుతుంది. కారేచోట చాలాసార్లు నూనె మరక కనిపిస్తుంది. మంచి పైపు, గట్టి క్లిప్పులు, పెట్టెకు బాగా అతుక్కునే రబ్బరు అంచు: తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితమిచ్చే మార్పు ఇదే.

కాగితం ఫిల్టర్ కొంత దుమ్ము పట్టాక ఇంకా బాగా వడకడుతుంది. అందుకని రోజూ తీసి కంప్రెసర్ గాలి కొట్టడం మేలు చేయదు. ఎక్కువ ఒత్తిడికి కాగితం చిరుగుతుంది. ఎప్పుడు మార్చాలో చెప్పే చిన్న ఇండికేటర్ దొరుకుతుంది. చాలా టర్బో డీజిళ్లకు గాలి దారిలో అడ్డు 25 అంగుళాల నీటిమట్టానికి చేరితే ఫిల్టర్ మార్చాలి.

నూనె పూసిన దూది ఫిల్టర్ గాలిని తేలిగ్గా వదులుతుంది. సన్న దుమ్మును కూడా కాగితం కంటే ఎక్కువగా వదులుతుంది. నూనె ఎక్కువైతే కొత్త బండ్లలో గాలిని కొలిచే సెన్సర్ పాడవుతుంది. నల్లటి తారురోడ్డు బండికి సరే గాని, మన డొంకలకు వద్దు.

పాత ట్రాక్టర్లలో నూనె గిన్నె ఉండే గాలి ఫిల్టర్ పని తీరు ముచ్చటగా ఉంటుంది. గాలి వేగంగా కిందికి వచ్చి ఒక్కసారి పైకి తిరుగుతుంది. బరువైన దుమ్ము తిరగలేక నూనెలో పడిపోతుంది. నూనె గీత దాటితే అదీ ముప్పే, ఇంజిన్ ఆ నూనెను తాగేస్తుంది. పైన గిన్నెలాంటి ప్రీ క్లీనర్ గాలిని గిర్రున తిప్పి, ముతక దుమ్మును ముందే విసిరేస్తుంది. పికప్‌కు సరిపడే కొలతలో దొరికితే, దుమ్ము ప్రాంతంలో పెట్టిన డబ్బుకు న్యాయం చేసేది ఇది.

గాలి 25 డిగ్రీల నుంచి 45కు వేడెక్కితే దాని బరువు సుమారు 6 శాతం తగ్గుతుంది. అందువల్ల బానెట్ కింది వేడిగాలి కాకుండా బయటిగాలి పీల్చే కంపెనీ గొట్టాన్ని ఊడనివ్వకూడదు. శ్రీసిటీలో 2016 నుంచి తయారవుతున్న ఇసుజు పికప్‌లకు కొందరు స్నార్కెల్ బిగిస్తారు. దానివల్ల గాలి నోరు పైకప్పు ఎత్తుకు పోతుంది, వాగు నీళ్లకు దూరమవుతుంది. కార్తీక మాసపు వానల్లో చప్టా దాటుతూ బండి నీళ్లలో ఆగిపోతే తాళం తిప్పకండి. నీరు గాలిలా నలగదు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు ఫిల్టర్ పెట్టె తెరిచి చూడండి. లోపల తడి ఉంటే బండిని తోయించి షెడ్డుకు చేర్చి, ఇంజెక్టర్లు ఊడదీయించి, నీళ్లు పోయేదాకా ఇంజిన్‌ను చేత్తో తిప్పించండి.