బస్సు ఖర్చు, కార్మికుని హక్కు

కోదాడ బస్సు స్టాండులో రెండు బస్సులు ప్రక్కప్రక్కన నిలిచియుండుట ప్రయాణికులకు నిత్యము కనబడు దృశ్యమే. ఒకటి కోదాడ డిపోది. రెండవది విజయవాడ నుండి వచ్చినది. 2015 జూన్ వరకు ఈ రెంటికిని యజమాని ఒక్కడే. ఆ డ్రైవర్లిద్దరును ఒకే సంస్థ నిబంధనలకు లోబడి పనిచేసినవారే. 2020 జనవరి 1వ తేదీన విజయవాడ డ్రైవరు ప్రభుత్వోద్యోగి అయినాడు. కోదాడ డ్రైవరు కార్పొరేషను ఉద్యోగిగానే యుండిపోయినాడు. ఈ భేదము వెనుక ఏబదిరెండు దినముల సమ్మె యొకటి కలదు. అది జీతముల తగవు మాత్రమేనా, లేక మన ఊరి బస్సుకు సంబంధించిన తగవా? ఈ ప్రశ్ననే ఇచ్చట విచారింతము.

సూర్యాపేటకును కోదాడకును ప్రయాణికుల రైలు లేదు. హైదరాబాదు-విజయవాడ రహదారియే వాటికి ప్రాణనాడి. మిర్యాలగూడకు రైలు కలదు గాని, చుట్టుప్రక్కల పల్లెల నుండి బియ్యపు మిల్లులకు వచ్చు కూలీకి గాని, కళాశాలకు వచ్చు విద్యార్థికి గాని రైలు పల్లెకు పోదు, బస్సే పోవలెను. ఈ మూడు పట్టణములందును ఆర్టీసీ డిపోలు కలవు. మూడును నల్లగొండ రీజియనుకు చెందినవి.

ప్రభుత్వమే బస్సులు నడపుట మనకు క్రొత్త గాదు. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేకు అనుబంధముగా 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణా ఆరంభమైనది. 1951లో అది హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వపు శాఖ అయినది. 1958 జనవరి 11వ తేదీన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడగా, శాఖ కాస్త కార్పొరేషనుగా మారినది. కావున 2019లో కార్మికులు “ప్రభుత్వములో విలీనము” కోరుట ఎన్నడును లేని కోరిక గాదు. ఒకప్పుడు తెలంగాణమున నున్న ఏర్పాటునకు మరలుటయే.

కార్పొరేషనుకు ఆధారమైనది 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టము. అందు రెండు ధర్మములు ప్రక్కప్రక్కన ఉన్నవి. సంస్థ వ్యాపార సూత్రములపై నడువవలెననుట ఒకటి. తగినంత, చౌకయైన, సరియైన రవాణాను ప్రజలకు కల్పింపవలెననుట రెండవది. మూలధనమును కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వములు సమకూర్పవచ్చుననియు అందు కలదు. ఈ రెండు ధర్మములు పొసగనప్పుడే చిక్కు పుట్టును. హైదరాబాదు బస్సు నిండుగా పోవును. పల్లెకు పోవు తొలి బస్సు పదిమందితో పోవును. వ్యాపారి యైనచో రెండవదానిని ఆపివేయును. సంస్థ ఆపరాదు. విద్యార్థులకు తగ్గింపు పాసులు ఇమ్మని చెప్పునది ప్రభుత్వము. ఆ తగ్గింపు భారము మొదట పడునది సంస్థ మీద. ప్రభుత్వము దానిని సకాలమున చెల్లింపనిచో అది నష్టముల పద్దులోనికి చేరును. జీతములు, డీజిలు కలిసి ఖర్చులో అధికభాగమగుటచే, నష్టము వచ్చినపుడు అందరి చూపును జీతముల మీదనే పడును. అందువలననే ఆర్టీసీ కార్మిక సంఘము తన జీతమును గూర్చి మాటాడవలెనన్నను, సంస్థకు రావలసిన నిధులను గూర్చి మాటాడక తప్పదు.

2019 అక్టోబరు 5వ తేదీన, దసరాకు మూడు దినముల ముందు, సంఘముల సంయుక్త కార్యాచరణ సమితి పిలుపుపై సుమారు 48,000 మంది సమ్మెకు దిగిరి. రాష్ట్రమునందలి 97 డిపోలకును సమ్మె వ్యాపించినది. కోరికలలో మొదటిది ప్రభుత్వమున విలీనము. ఆనాటి సాయంత్రము ఆరు గంటలలోగా విధులకు రానివారు తమంతట తామే ఉద్యోగము వదలుకొన్నట్లు భావింతుమని ప్రభుత్వము ప్రకటించినది. దినమునకు డ్రైవరుకు 1,500, కండక్టరుకు 1,000 రూపాయల కూలిపై తాత్కాలికులను పెట్టి బస్సులు నడిపిరి. పాఠశాలల దసరా సెలవులు పొడిగింపబడెను. పండుగకు పుట్టింటికి పోవలసిన ఆడపడుచులు ఆటోల కొరకు, జీపుల కొరకు ఎదురు చూచిరి. సమ్మె వలన ప్రజలు బాధపడలేదనుట సత్యము కాదు. సెప్టెంబరు జీతము సైతము అందక కార్మికుల ఇండ్లు పడిన బాధయు చిన్నది గాదు. ఆ దినములలో కార్మికుల ఆత్మహత్యలును జరిగినవి.

వ్యవహారము హైకోర్టుకు చేరినది. ప్రభుత్వము సంస్థకు ఎంత బాకీ యున్నది, ఎంత చెల్లించినది అను లెక్కలు బహిరంగముగా చర్చకు వచ్చుట అచ్చటనే. అధికారుల లెక్కలు పరస్పరము పొసగకుండుటను న్యాయస్థానము ఆక్షేపించెను. నవంబరు 18వ తేదీన, వివాదమును కార్మిక న్యాయస్థానమునకు పంపవలెనా వలదా అను నిర్ణయమును లేబరు కమిషనరుకు విడిచిపెట్టెను. ఇంతలో 5,100 మార్గములను ప్రైవేటు బస్సులకు ఇచ్చుటకు మంత్రివర్గము తీర్మానించి యుండెను. నవంబరు 25వ తేదీన సంఘములు సమ్మెను విరమించినవి.

ఫలితము మిశ్రమము. నవంబరు 28న, కార్మికులను తిరిగి పనిలోనికి తీసికొనుటకు ప్రభుత్వము అంగీకరించి, సంస్థకు నూరు కోట్ల రూపాయల సహాయము ప్రకటించినది. డిసెంబరు 3 నుండి కిలోమీటరుకు 20 పైసల చొప్పున చార్జీలు పెరిగినవి. అనగా భారములో కొంత భాగము టిక్కెట్టు కొన్నవారిపై పడినది. సమ్మెకాలపు జీతము లభించినది. పదవీ విరమణ వయస్సు 58 నుండి 60కి పెరిగినది. కాని విలీనము కాలేదు. సంఘముల గుర్తింపు ఎన్నికలు ఆగినవి. వాటి స్థానమున డిపోలలో సంక్షేమ మండలులు వచ్చినవి. కార్మికునికి కొంత సొమ్ము దొరకినది. సొమ్మును గూర్చి అడుగు నోరు మాత్రము మూతపడినది.

ఈ చిక్కు మన దేశమునకే పరిమితము గాదు. అమెరికాలో నిధుల చట్టము ఆమోదము పొందనందున 2018 డిసెంబరు 22 నుండి 2019 జనవరి 25 వరకు 35 దినములు కేంద్ర ప్రభుత్వ కార్యాలయములు పెక్కు మూతపడి, సుమారు ఎనిమిది లక్షల మందికి జీతము ఆగినది. సమ్మె చేయుటకు చట్టము ఒప్పుకొనని ఆ ఉద్యోగుల సంఘములు న్యాయస్థానములనే ఆశ్రయించినవి. నిధి ఆగినచోట హక్కు నిలువదని అచ్చటను తేలినది.

తెలంగాణమున 2023 జూలై 31న మంత్రివర్గము విలీనమునకు అంగీకరించినది. ఆగస్టు 6న శాసనసభ బిల్లును ఆమోదించినది. అంతకు ముందు, బిల్లును ప్రవేశపెట్టుటకు గవర్నరు అనుమతి ఆలస్యమగుటచే కార్మికులు రాజభవనమునకు తరలిరి; సెప్టెంబరులో బిల్లుకు సమ్మతి లభించినది. 43,373 మందికి సంబంధించిన ఆ చట్టము అమలుకాక నిలిచినది. 2025 మేలో సంఘములు మరల సమ్మెకు నోటీసు ఇచ్చి, మంత్రులతో చర్చల పిమ్మట వాయిదా వేసినవి. విలీనమును, సంఘముల పునరుద్ధరణయు నాటి కోరికలలో నుండెను.

అయితే విలీనమే సర్వరోగ నివారిణి యనుకొనరాదు. ప్రభుత్వోద్యోగులకు సమ్మె హక్కు లేదని 2003లో సుప్రీంకోర్టు తమిళనాడు ఉద్యోగుల కేసులో చెప్పియున్నది. కోదాడ కండక్టరు ప్రభుత్వోద్యోగి యైనచో జీతమునకు ఖజానా పూచీ వచ్చును; కాని 2019లో అతడు వాడిన ఆయుధము చేతినుండి జారవచ్చును. అటుపై బస్సుల కొనుగోలుకు, గ్యారేజీలో విడిభాగములకు, పల్లె మార్గములకు సొమ్ము ఏటేట బడ్జెటులో చేరునా అను ప్రశ్న అట్లే మిగిలియుండును.

2023 డిసెంబరు 9 నుండి స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచిత ప్రయాణము కల్పింపబడినది. కండక్టరు ఇచ్చు ప్రతి సున్నా టిక్కెట్టును ప్రభుత్వము సంస్థకు చెల్లింపవలసిన బాకీపత్రము వంటిది. ఆ సొమ్ము సకాలమున అందినచో మిర్యాలగూడ పల్లెల బస్సు నిలుచును. అందనిచో అది మరల నష్టమై, జీతమై, తగవై మన ముంగిటికే వచ్చును.

కావున తరువాతి సమ్మె నోటీసు వార్త విన్నపుడు, బస్సు దొరకునా దొరకదా అని మాత్రమే చింతింపక మరి రెండు ప్రశ్నలు కూడ అడుగుట మంచిదని మా మనవి. సంస్థకు రావలసినది వచ్చినదా? దానిని గూర్చి అడుగుటకు కార్మికునికి నోరున్నదా? ఈ రెంటికిని జవాబు దొరకిన దినమున, కోదాడ స్టాండులోని రెండు బస్సులలో ఏది ఎక్కినను మనకు దిగులుండదు.