ఆఫీసు ఫైల్ ఎంతకీ తెరుచుకోవట్లేదా? తప్పంతా సిగ్నల్‌ది కాదు!

నల్లమల అంచున ఉన్న నంద్యాల జిల్లా రుద్రవరంలో కూర్చుని, ఆళ్లగడ్డ ఆఫీసు కంప్యూటర్‌లోని ఫైల్ తెరవాలంటే? సిగ్నల్ ఊగిసలాడితే చుక్కలు కనిపిస్తాయి. అయితే తప్పంతా నెట్‌వర్క్‌దే అనుకుంటే పొరపాటే. ఫైల్ ఏ ప్రోటోకాల్ మీద వస్తోందన్నదీ చూడాలి.

1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ దేశంలో ఇంటర్నెట్ మొదలుపెట్టినప్పుడు సామాన్యులకు దిక్కు డయలప్పే. తర్వాత వచ్చిన 56 కేబీపీఎస్ మోడెమ్‌తోనూ 5 ఎంబీ ఫైల్‌కు కనీసం 12 నిమిషాలు. అప్పటి ఆఫీసుల్లో వాడిన నెట్‌బ్యూయీ ఒకే గదిలో అయితే సూపర్ ఫాస్ట్. కానీ రూటర్ దాటలేదు. దూరం వెళ్లాలంటే టీసీపీ/ఐపీ కావాల్సిందే.

ఇప్పుడూ అలాంటి తంటానే. విండోస్ షేర్డ్ ఫోల్డర్లు నడిచేది ఎస్ఎంబీ మీద. ఫోల్డర్ తెరిస్తే చాలు, రెండు కంప్యూటర్ల మధ్య బోలెడు ప్రశ్నలు, జవాబులు. ఆఫీసులో ఇది తెలియదు. స్లో లింకులో మాత్రం ఒక్కో జవాబూ ఆలస్యమై మొత్తం ఈడుస్తుంది. ఎస్ఎఫ్‌టీపీతో ఫైల్‌ను కాపీ చేసుకుని, పని చేసి తిరిగి పంపడం నయం. లింక్ తెగినా, రెజ్యూమ్ ఉన్న యాప్ అయితే ఆగినచోటి నుంచే మళ్లీ మొదలు.

ఈజీగా ఉంది కదా అని ఎస్ఎంబీ వాడే 445 పోర్టును ఇంటర్నెట్‌కు తెరిచారో.. అంతే సంగతులు! 2017 మేలో వన్నాక్రై దూరింది పాత ఎస్ఎంబీ లోపంలోంచే. ఏపీ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఫోల్డర్ షేరింగే కావాలంటే ముందు వీపీఎన్ కలపాలి. అది స్పీడ్ పెంచదు, బయటివాళ్లకు తలుపు మూస్తుంది.