ర్యాంకు తెచ్చిన తాళం

2014 ఆగస్టు 6న గూగుల్ ఒక చిన్న ప్రకటన చేసింది. వెబ్‌సైటుకు భద్రతా సర్టిఫికెట్ ఉండి, దాని చిరునామా హెచ్‌టీటీపీఎస్‌తో మొదలైతే శోధన ఫలితాల వరుసలో దానికి కాస్త మొగ్గు ఇస్తామన్నది. ఆ మొగ్గు ఎంత చిన్నదో కూడా దాచలేదు. ప్రపంచమంతటా జరిగే వెతుకులాటల్లో ఒక్క శాతం కన్నా తక్కువ వాటి మీదే ప్రభావం ఉంటుందనీ, మంచి సమాచారానికి ఉన్నంత విలువ దీనికి ఉండదనీ అదే రోజు చెప్పింది.

అప్పటికి ఈ సర్టిఫికెట్ వెనక ఉన్న పద్ధతికి ఇరవై ఏళ్లు. 1994లో అమెరికాలోని నెట్‌స్కేప్ కంపెనీ తన బ్రౌజర్ ద్వారా జనం సరుకులు కొనాలని ఆశపడింది. కొనాలంటే క్రెడిట్ కార్డు నంబరు పంపాలి. ఆ నంబరు ఎన్నో కంప్యూటర్లు దాటి వెళుతుంది, మధ్యలో ఎవరైనా చదివేయవచ్చు. దానికి విరుగుడుగా, సమాచారాన్ని గూఢలిపిలోకి మార్చి పంపే పద్ధతిగా పుట్టిందే ఎస్‌ఎస్‌ఎల్. ఈజిప్టులో పుట్టిన గూఢలిపి శాస్త్రవేత్త తాహెర్ ఎల్‌గమాల్ పేరు ఈ పనితో ముడిపడి ఉంది. మొదటి రూపం లోపాల వల్ల బయటికే రాలేదు. 1995లో వచ్చిన రెండో రూపంలోనూ లోపాలు దొరికాయి. 1996లో మూడోది వచ్చింది. 1999లో దాని వారసుడికి టీఎల్‌ఎస్ అని పేరు పెట్టారు. ఇప్పుడు నడుస్తున్నది టీఎల్‌ఎస్సే అయినా జనం నోట పాత పేరే నిలిచింది.

సమాచారాన్ని గూఢలిపిలోకి మార్చితే సరిపోదా, సర్టిఫికెట్ ఎందుకు? అవతల ఉన్నది ఎవరో తెలియకపోతే, మోసగాడితోనే ఎంతో రహస్యంగా మాట్లాడుతూ ఉండిపోతాం. అందుకే మధ్యలో ధ్రువీకరణ సంస్థ వచ్చింది. సర్టిఫికెట్ అడిగినవాడి చేతిలోనే ఆ సైటు ఉందని అది తేల్చుకుంటుంది. ఆ తర్వాత సైటు పేరునూ, దాని బహిరంగ తాళంచెవినీ (పబ్లిక్ కీ) కలిపి, కింద తన డిజిటల్ సంతకం పెడుతుంది. నమ్మదగిన సంస్థల జాబితా బ్రౌజర్ దగ్గర ఉంటుంది. సంతకం సరిపోతే లోపలికి పంపిస్తుంది. పేరు తేడా వచ్చినా, గడువు దాటినా హెచ్చరిక చూపి ఆపుతుంది.

ఈ ఏర్పాటంతా ఆ సంతకాన్ని నమ్ముకునే నిలబడింది. 2011లో డిజినోటార్ అనే డచ్ సంస్థలోకి చొరబడినవారు గూగుల్ పేరుతోనే దొంగ సర్టిఫికెట్ పుట్టించుకున్నారు. దాన్ని ఇరాన్‌లోని జీమెయిల్ వాడకందార్ల మీద ప్రయోగించారు. ఆ సెప్టెంబరులోనే డిజినోటార్ దివాలా తీసింది. మన దేశానికీ ఈ చేదు తెలుసు. ర్యాంకు ప్రకటనకు నెల ముందు, 2014 జులైలో, భారత ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీ అధికారం కింద గూగుల్ చిరునామాలకు అనధికార సర్టిఫికెట్లు జారీ అయినట్టు బయటపడింది. ఇలాంటి ఘటనల తర్వాతే జారీ అయిన ప్రతి సర్టిఫికెట్‌నూ అందరూ చూడగల చిట్టాలకు ఎక్కించే పద్ధతి బలపడింది. 2018 నుంచి గూగుల్ బ్రౌజర్ క్రోమ్ దాన్ని తప్పనిసరి చేసింది.

ఇక మామూలు సైట్ల సంగతి. 2010లో ఫైర్‌షీప్ అనే చిన్న ఉపకరణం పెద్ద కలకలం రేపింది. తాళం లేని వైఫైలో పక్కనున్నవారి ఫేస్‌బుక్ ఖాతాలోకి ఒక్క నొక్కుతో దూరవచ్చని అది చూపించింది. ప్రమాదం అంత కళ్లకు కట్టినా చాలామంది కదల్లేదు. సర్టిఫికెట్‌కు ఏటా డబ్బు కట్టాలి, సర్వర్‌లో దాన్ని అమర్చడం తెలియాలి. చిన్న పత్రికకో, బడికో అది భారమే.

ర్యాంకు ఆశ చూపి గూగుల్ వారిలో కదలిక తెచ్చింది. కానీ నిజంగా దారి వేసింది మరొకరని నా అభిప్రాయం. మొజిల్లా, ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్, మిషిగన్ విశ్వవిద్యాలయం, ఈ మూడింటికి చెందినవారు కలిసి మొదలుపెట్టిన లెట్స్ ఎన్‌క్రిప్ట్ 2015 డిసెంబరులో అందరికీ తలుపు తెరిచింది. సర్టిఫికెట్ ఉచితం. గడువు 90 రోజులే పెట్టారు, అయితే దాన్ని పునరుద్ధరించే పని కంప్యూటరే చూసుకుంటుంది. 2020 ఫిబ్రవరికల్లా ఆ సంస్థ వంద కోట్ల సర్టిఫికెట్లు జారీ చేసింది. లాభం కోరని ఒక సంస్థ ఇంత పని చేయడం ఈ చరిత్ర మొత్తంలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపిస్తుంది. 2018 జులైలో క్రోమ్ సర్టిఫికెట్ లేని ప్రతి సైటు పక్కనా 'సురక్షితం కాదు' అని రాయడం మొదలుపెట్టాక వాయిదా వేసేవారికి సాకు మిగల్లేదు.

మరి ర్యాంకు? రెండు పేజీలు అన్నిటా సమానంగా ఉంటే సర్టిఫికెట్ ఉన్నది ముందుకు రావచ్చు, అంతే. వేలు పోసి కొన్నదానికీ, ఉచితంగా వచ్చినదానికీ ర్యాంకులో తేడా లేదు. కాబట్టి 'ఖరీదైన సర్టిఫికెట్ కొంటే మొదటి పేజీకి వస్తారు' అనేవారి మాట నమ్మకండి. హెచ్‌టీటీపీఎస్‌కు మారేటప్పుడు పాత చిరునామాల నుంచి కొత్తవాటికి శాశ్వత మళ్లింపు పెట్టకపోతే ఉన్న స్థానమూ జారిపోవచ్చు. గడువు దాటనిస్తే వచ్చినవారు హెచ్చరిక చూసి గుమ్మంలోనే వెనుదిరుగుతారు.

2023 సెప్టెంబరులో క్రోమ్ చిరునామా పక్కనున్న తాళం బొమ్మను తీసేసింది. గూగుల్ చేసిన అధ్యయనంలో పాల్గొన్నవారిలో 11 శాతం మందికే ఆ బొమ్మ అసలు అర్థం తెలుసని తేలింది. మిగతావారిలో చాలామంది తాళం ఉంటే సైటు మంచిదనుకున్నారు. సర్టిఫికెట్ దారిని కాపాడుతుంది, అవతలివాడి నిజాయతీకి పూచీ పడదు. దొంగ బ్యాంకు సైటుకూ సర్టిఫికెట్ దొరుకుతుంది. డబ్బు కట్టేముందు చిరునామాను అక్షరం అక్షరం చదవండి. మోసపోయామని తెలిసిన మరుక్షణం మన దేశ సైబర్ నేరాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేయండి.