డి.వి. టేపుల మార్పిడిలో శబ్దలోపం: మౌఖిక పాఠ నిర్ణయ సమస్య

మినీ డి.వి. క్యాసెట్టుపై చిత్రీకరించిన ఒగ్గుకథను కంప్యూటరులోకి మార్చేటప్పుడు దృశ్యం నిలకడగా ఉన్నా మాట మధ్యమధ్య తెగిపోవచ్చు. పాఠాన్ని లిఖితరూపంలోకి తెచ్చే పరిశోధకుడు ఆ నిశ్శబ్దాన్ని కథకుని విరామంగా భ్రమించే ప్రమాదముంది. కథకుడు నేడు జీవించి లేకపోతే సరిచూసుకొనే మార్గమూ ఉండదు.

దీనికి మూలం డి.వి. నిర్మాణంలో ఉంది. పాల్ పద్ధతిలో ఒక్కొక్క ఫ్రేము టేపుపై 12 ఏటవాలు ట్రాకులుగా నమోదవుతుంది. ప్రతి ట్రాకులోనూ దృశ్యానికి, శబ్దానికి వేర్వేరు భాగాలుంటాయి. చదవలేకపోయిన దృశ్యభాగాన్ని యంత్రం వెనుకటి ఫ్రేముతో పూరించి కప్పిపుచ్చుతుంది. శబ్దానికి ఆ వెసులుబాటు స్వల్పం, మౌనమే మిగులుతుంది.

ఒకే భాగాన్ని రెండుసార్లు మార్చి పోల్చడం తొలి పరీక్ష. లోపం ప్రతిసారీ అదే చోట వస్తే టేపునో, నడిపే యంత్రంతో దాని పొందికనో అనుమానించాలి. చోటు మారుతుంటే హెడ్ల మురికినో, ఫైర్‌వైర్ కేబులునో, కంప్యూటరునో చూడాలి.

రికార్డు చేసిన క్యామ్‌కార్డరు ఒకటి, నడిపేది మరొకటి అయినప్పుడే అసలు చిక్కు. 60 నిమిషాల క్యాసెట్టుపై లాంగ్ ప్లేలో 90 నిమిషాలు పట్టిస్తే ట్రాకు వెడల్పు 10 మైక్రాన్ల నుంచి సుమారు 6.7కు తగ్గుతుంది. అప్పుడు హెడ్ల అమరికలోని అల్పభేదమైనా శబ్దాన్ని మింగేస్తుంది. మరమ్మతుకు ఖర్చయినా పాత క్యామ్‌కార్డరునే వాడడం మేలు. చవకని టేపును పదేపదే తిప్పితే అది మరింత అరుగుతుంది.

అప్పటికీ తిరిగిరాని శబ్దం ఉన్నచోట పాఠంలో విరామచిహ్నం పెట్టరాదు. టైమ్‌కోడుతో సహా లుప్తభాగమని చూపాలి.