గుడ్డు తిప్పితే పిల్ల దక్కదు

జనవరి నుంచి ఏప్రిల్ దాకా విశాఖలో రుషికొండ వైపు తీరంలో తెల్లవారుజామున నడిచేవాళ్లకు ఒక్కోసారి ఇసుకలో ట్రాక్టరు టైరు జాడలాంటి గీతలు కనిపిస్తాయి. రాత్రి ఒడ్డెక్కి గుడ్లు పెట్టి వెళ్లిన ఆలివ్ రిడ్లే తాబేలు దారి అది. ఈ తాబేళ్ల గురించి చదివేటప్పుడు కొరుకుడుపడని మాటలు కొన్ని తగులుతాయి. ఒక్కోదాని వెనకా ఒక లెక్క ఉంటుంది. అది తెలిస్తే చాలు, మాట దానంతటదే అర్థమవుతుంది.

కారపేస్ అంటే వీపు మీది డిప్ప. ఎదిగిన తాబేలుకు 60 నుంచి 70 సెంటీమీటర్లు, మన లెక్కలో మూరన్నర. బరువు 35 నుంచి 45 కిలోలు. సముద్ర తాబేళ్లలో ఇది చిన్న జాతి కిందే లెక్క!

క్లచ్ అంటే బండిలోది కాదు. ఒక తల్లి ఒక విడతలో పెట్టే గుడ్లన్నీ కలిపి క్లచ్. సుమారు 100 నుంచి 120 దాకా ఉంటాయి. మూర లోతు గుంటలో పెట్టి, ఇసుక కప్పి, తల్లి తన దారిన తాను పోతుంది. అన్నెందుకు? వెయ్యి పిల్లల్లో పెద్దదయ్యేది ఒక్కటేనని సాధారణంగా వేసే అంచనా. అంటే దాదాపు పది గూళ్ల పిల్లల్లో బతికి బట్టకట్టేది ఒక్క తాబేలే.

అందుకే విశాఖ తీరంలో అటవీ శాఖ గుడ్లను కుక్కల పాలు కానీయకుండా తీసి, కంచె వేసిన హేచరీల్లో మళ్లీ పాతిపెడుతుంది. మనకు కనిపిస్తే మనమే సంచిలో వేసి తీసుకెళ్లి ఇవ్వొచ్చు కదా? వద్దు. పెట్టిన కొన్ని గంటలకే లోపలి పిండం పెంకు పైభాగానికి అతుక్కుంటుంది. ఆ తర్వాత గుడ్డు దొర్లితే పిండం చచ్చిపోతుంది. మరి కోడిపెట్ట గుడ్లను రోజూ తిప్పుతుందే అంటారా? కోడిగుడ్డు పగలగొట్టినప్పుడు పచ్చసొన పక్కన మెలితిరిగిన తెల్లటి పోగు కనిపిస్తుంది చూడండి, దాని పేరు చలాజా. గుడ్డు ఎటు తిరిగినా పచ్చసొనను నడిమధ్యలో పట్టి ఉంచేది అదే. తాబేలు గుడ్డులో ఆ ఏర్పాటు లేదు. పైగా ఈ తాబేలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది. గుడ్లు పట్టుకుపోవడం నేరం.

ఇక నాకు అన్నిటికన్నా వింతగా తోచేది పివటల్ టెంపరేచర్. మనలో ఆడా మగా అన్నది క్రోమోజోములు తేలుస్తాయి. తాబేలుకు గుంటలోని ఇసుక వేడి తేలుస్తుంది. పిల్లలు సగం ఆడ, సగం మగ అయ్యే వేడినే పివటల్ టెంపరేచర్ అంటారు. సుమారు 29 నుంచి 31 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. అంతకు మించితే ఆడవి, తగ్గితే మగవి ఎక్కువ. మన ఒంట్లో రెండు డిగ్రీలు పెరిగితే జ్వరం. అక్కడ అదే రెండు డిగ్రీలు పెరిగితే గూడు గూడంతా ఆడపిల్లలే కావచ్చు. గుడ్లు పొదగడానికి 45 నుంచి 60 రోజులు పడితే, ఈ తీర్పు జరిగేది నడిమి మూడోవంతులో, అంటే 15–20 రోజుల్లోనే. కొన్ని హేచరీలకు పైన నీడ కట్టేది ఇందుకే.

కారంకిల్ అంటే పిల్ల ముక్కు కొసన ఉండే చిన్న ముల్లు. పెంకు చీల్చడానికే పుడుతుంది, ఆ పని అయ్యాక రాలిపోతుంది.

చివరిది ఫోటోటాక్సిస్, అంటే వెలుతురును బట్టి కదలడం. పిల్లలు రాత్రిపూట బయటికొచ్చి, ఎటు వెలుగుంటే అటు పాకుతాయి. దీపాల్లేని తీరంలో ఆ వెలుగు సముద్రం వైపే ఉంటుంది. రుషికొండలాంటి పర్యాటక తీరంలో అది రోడ్డు వైపూ ఉండొచ్చు. ఎప్పుడైనా పిల్లలు ఎదురుపడితే ఫోన్ లైటు ఆర్పేసి, దారి వదిలి, అటవీ శాఖ వాళ్లకు కబురు పెట్టండి.