పలచటి నీళ్లలో కోత, చిక్కటి పాకంలో అతుకు

చక్కెర నీళ్లలో ఈస్ట్ వేస్తే కాసేపటికి నురగ కడుతుంది. ఆ పులియడానికి ముందే ఒక పని జరిగిపోతుంది. ఈస్ట్ తన కణం గోడ దగ్గరే చక్కెరను గ్లూకోజ్‌గా, ఫ్రక్టోజ్‌గా విడగొట్టుకుంటుంది. విడగొట్టేది ఇన్వర్టేజ్ అనే ఎంజైము. 1860లో ఫ్రాన్సులో మార్సెలిన్ బెర్తెలో దాన్ని ఈస్ట్ నుంచి నీళ్లలోకి దింపి, ఆల్కహాలు కలిపి విడిగా రాబట్టారు. పులియడమంతా బతికున్న కణం పనేనని పాశ్చర్ వాదిస్తున్న రోజులవి. బెర్తెలో రాబట్టిన పదార్థం మాత్రం ఏ కణమూ లేకుండానే చక్కెరను విడగొట్టింది.

చక్కెర ద్రావణం ధ్రువిత కాంతిని కుడివైపు తిప్పుతుంది. ఎంజైము పని సాగేకొద్దీ అది ఎడమకు మళ్లుతుంది. ఆ తిరగబడటం వల్లే ఇన్వర్టేజ్‌కు ఆ పేరు. దాన్ని కొలుస్తూనే 1913లో బెర్లిన్‌లో లియోనార్ మైకేలిస్, కెనడా నుంచి వచ్చిన వైద్యురాలు మౌడ్ మెంటెన్ ఎంజైముల వేగానికి సూత్రం కట్టారు. ఎంజైముల వేగం గురించి చదివేవాళ్లు ఇవాళ్టికీ దాంతోనే మొదలుపెడతారు.

ఇంతగా పరిశీలించిన ఎంజైములోనూ ఒక గుణం కంటపడకుండా ఉండిపోయింది. 1950లో బేకన్, ఎడెల్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఈస్ట్ ఇన్వర్టేజ్ కలిపిన చక్కెర ద్రావణాన్ని, పదార్థాలను కాగితంపై వేర్వేరు మరకలుగా విడదీసే కాగితం క్రొమటోగ్రఫీతో పరీక్షించారు. చక్కెర, గ్లూకోజ్, ఫ్రక్టోజ్ మరకలు మూడే ఉండాలి. వేరే మరకలూ కనిపించాయి. ఇంకాసేపు ఆగితే అవి మాయమయ్యాయి!

నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. చక్కెర తెగినప్పుడు గ్లూకోజ్ ముందు వెళ్లిపోతుంది, ఫ్రక్టోజ్ క్షణంపాటు ఎంజైమును అంటిపెట్టుకుని ఉంటుంది. పలచటి ద్రావణంలో దాన్ని నీరే అందుకుంటుంది, కోత పూర్తవుతుంది. చిక్కటి పాకంలో పక్కనున్న మరో చక్కెర అణువు అందుకోగలదు. అప్పుడు మూడు ముక్కల కెస్టోజ్ తయారవుతుంది. ఆలస్యమైతే ఎంజైము దాన్నీ కోసేస్తుంది, అందుకే మాయమైన మరకలు. కెస్టోజ్ కావాలంటే పాకం చిక్కగా ఉండాలి, ఎంజైమును సమయానికి ఆపాలి.

కెస్టోజ్ లాంటి వాటిలోని ఈ అతుకుల్ని కోసే ఎంజైములు మన జీర్ణాశయంలో గానీ చిన్నపేగులో గానీ లేవు. అందుకే కెస్టోజ్ లాంటివి పెద్దపేగు దాకా చేరి అక్కడి బిఫిడోబాక్టీరియా అనే సూక్ష్మజీవులకు ఆహారమవుతాయి. ఇలాంటి పదార్థాలకు ప్రీబయాటిక్ అనే పేరు 1995లో గిబ్సన్, రోబర్‌ఫ్రాయిడ్ పెట్టారు. ఉల్లి, వెల్లుల్లి తినేవాళ్లకు ఆ పేరు పుట్టకముందు నుంచీ ఇవి అందుతూనే ఉన్నాయి. మోతాదు మించితే కడుపు ఉబ్బరమూ తప్పదు.

జపాన్‌లో మెయిజి సెయికా కంపెనీ 1980లలో వీటి తయారీకి ఈస్ట్‌ను కాదు, ఆస్పర్‌జిల్లస్ బూజు ఎంజైమును ఎంచుకుంది. అతికించడంలో అదే మేలు. ఈస్ట్‌ల వైపు మళ్లీ చూపు తిప్పిందెక్కువగా స్పెయిన్ శాస్త్రవేత్తలు. ష్వానియోమైసిస్ ఈస్ట్ ఎంజైము 6-కెస్టోజ్‌ను, గులాబిరంగు జాంతోఫిల్లోమైసిస్‌ది నియోకెస్టోజ్‌ను ఎక్కువగా ఇస్తాయి. ముక్కలు అవే, అతుకు పడే చోటే వేరు. రొట్టెల ఈస్ట్ ఇన్వర్టేజ్‌లోనూ చక్కెర కూర్చునే గుంత దగ్గర ఒకటి రెండు అమినో ఆమ్లాలు మార్చి చూశారు. పాత కోత యంత్రం మునుపటికన్నా ఎక్కువగా 6-కెస్టోజ్‌ను అతికించింది.