ఫోనులోని బొమ్మ టెలివిజనుపైకి రానప్పుడు

మన పరపతి సంఘములలో బెక్కింట నిప్పుడు గోడకు టెలివిజను కలదు. మొక్కజొన్న సుడిలో కత్తెర పురుగును గుర్తించుట యెట్లో, ప్రత్తిచేలలో లింగాకర్షక బుట్టలను ఎప్పుడు పెట్టవలెనో తెలుపు వీడియోలు కార్యదర్శి ఫోనులో నున్నవి. నలువదిమంది రైతులు ఒక్క ఫోను చుట్టును మూగి చూడజాలరు గదా! కావున బొమ్మను టెలివిజనుపైకి ఎక్కింపబూనుదురు. తెరమీద "వెదకుచున్నది" అను మాట తప్ప మరేమియు రాదు. అరగంట గడచునప్పటికి పాలు పితుకవలసినవారు లేచిపోవుదురు. టెలివిజను చెడినదని తలచి, సంఘ ధనముతో క్రొత్తది కొన నుద్యుక్తులగు పంచాయతుదారులును గలరు. అట్లు వ్యయపఱచుటకు ముందు వారీ నాలుగు మాటలు చదువవలెనని మా కోరిక. ఏలననగా చాల తావుల చెడినది యంత్రము కాదు, త్రోవ కుదురకపోవుటయే.

బొమ్మ టెలివిజనుకు చేరుటకు రెండు త్రోవలు కలవు. మొదటిదానికి మిరాకాస్టు అని పేరు. వై-ఫై అలయెన్సు అను సంస్థ దీనిని 2012లో వెలువరించెను. ఇందు ఫోను తన తెరమీది బొమ్మను తానే రేడియో తరంగములపై టెలివిజనుకు నేరుగా పంపును. నడుమ వై-ఫై పెట్టె యక్కఱలేదు. ఫోనులో ముందే దాచియుంచిన వీడియోకు ఇంటర్నెట్టును అక్కఱలేదు, డేటా ఖర్చును లేదు. రెండవ త్రోవ గూగుల్ కాస్టు. ఇది 2013లో క్రోమ్‌కాస్టు అను చిన్న పరికరముతో ప్రచారమునకు వచ్చినది. ఈ త్రోవను యూట్యూబు వీడియో చూపునప్పుడు ఫోను బొమ్మను పంపదు. ఏ వీడియో కావలెనో మాత్రము చెప్పును. టెలివిజను దానిని ఇంటర్నెట్టునుండి స్వయముగా తెచ్చుకొనును.

మొదటిది బావినుండి బిందెలతో నీరు మోయుటవంటిది. రెండవది తూము తలుపెత్తి కాలువనీటిని చేనికి మళ్లించుటవంటిది. తలుపెత్తినవాడు పోయి చెట్టునీడను కూర్చున్నను నీరు పాఱుచునే యుండును. అందుచేతనే రెండవ త్రోవను వీడియో నడచునప్పుడు కార్యదర్శి ఫోనులో మాటలాడుకొన్నను సభకు భంగము లేదు. ఇంటర్నెట్టు బాగుగానున్న యూళ్లలో ఇదియే మేలని మా యభిప్రాయము.

చిక్కెక్కడ వచ్చుననగా, ఫోను ఒక త్రోవను, టెలివిజను మరియొక త్రోవను మాత్రమే యెఱిగియుండుట కలదు. గూగుల్ తన సొంత ఫోనులనుండి మిరాకాస్టును 2015లో తీసివేసెను. ఐఫోనుకు మిరాకాస్టు తెలియదు. దానికి ఎయిర్‌ప్లే అను వేఱుపద్ధతి కలదు. పేళ్లును ఒక్కటిగా నుండవు: శాంసంగ్ ఫోనులో "స్మార్ట్ వ్యూ" యందురు, ఇతర ఫోనులలో "కాస్ట్" అనియు "వైర్‌లెస్ డిస్‌ప్లే" అనియు కానవచ్చును. రెండు యంత్రములకును పొత్తుగల త్రోవ లేనిచో వేయిమాఱులు ఆపి వెలిగించినను ప్రయోజనము లేదు. టెలివిజను కొనునప్పుడే మన ఫోనును అంగడికి తీసికొనిపోయి, అచ్చటనే బొమ్మను ఎక్కించి చూపుమని యడుగుట మంచిది.

రెండవ త్రోవలో ముఖ్యనియమ మొక్కటి: ఫోనును టెలివిజనును ఒకే వై-ఫైలో నుండవలెను. ఫోను సిమ్ముకార్డు డేటాపై నడచుచుండగా టెలివిజను వై-ఫైలో నుండుట మిక్కిలి సాధారణమైన లోపము. మఱికొన్ని పెట్టెలలో అతిథులకై వేఱొక పేరుతో వై-ఫై నిత్తురు. అందు చేరిన యంత్రములు ఒకదానినొకటి చూడకుండ అడ్డుగోడ యుండుట కలదు. వై-ఫై పెట్టెయే లేని సంఘమున ఒక సభ్యుని ఫోనును హాట్‌స్పాటుగా నుంచి, టెలివిజనును, వీడియో చూపవలసిన మరియొక ఫోనును దానికి కలుపవలెను. హాట్‌స్పాటు ఇచ్చు ఫోనునుండియే చూపబోయిన పెక్కుమాఱులు కుదురదు. దగ్గఱి పరికరములను వెదకుటకు ఫోను అనుమతి యడిగినప్పుడు "వద్దు" అని నొక్కినవారికి టెలివిజను కనబడనే కనబడదు. సెట్టింగులలో ఆ యనుమతి నియ్యవలెను.

బొమ్మ తెగితెగి వచ్చుచున్న, 2.4 గిగాహెర్ట్‌జు తరంగములు దూరము పోవునుగాని వానిపై బ్లూటూతు మొదలగువాని రద్దీ యెక్కువ; 5 గిగాహెర్ట్‌జువి వేగముగలవి, గోడలను దాటుటలో నీరసించును. ఒకే గదిలో 5ను వాడుడు.

శబ్దము వచ్చి బొమ్మ నల్లబడిన, అది తప్పు కాదు. నెట్‌ఫ్లిక్సు మొదలగువారు తమ చిత్రములను ఎవరును ప్రతి తీయకుండుటకు పెట్టుకొన్న కాపుదల.

టెలివిజనును రిమోటుతో ఆపిన నది నిద్రించునేగాని పూర్తిగా ఆగదు. కావున గోడవద్ద స్విచ్చి నాపి, ఒక నిమిషము తాళి మరల వెలిగింపుడు. తరువాత దానిలోని తేదీ సరిగా నున్నదో చూడుడు. తేదీ తప్పిన యంత్రమును ఇంటర్నెట్టులోని సర్వర్లు నమ్మవు. ఫ్యాక్టరీ రీసెట్టు జోలికి మాత్రము తొందరపడి పోరాదు. 2025 మార్చి 9వ తేదీన రెండవతరము క్రోమ్‌కాస్టులు లోకమంతటను ఒక్కుమ్మడిగా నిలిచిపోయినవి. వానిలోని ధ్రువపత్రమునకు గడువు తీరుటయే కారణము. రీసెట్టు చేయవలదని గూగుల్ హెచ్చరించి, కొలది దినములలో సవరణ పంపెను. ఆ హెచ్చరికకు ముందే రీసెట్టు నొక్కినవారికి పరికరమును మరల అమర్చుకొనుట మఱింత కష్టమైనది. నిన్నటివఱకు నడచినది నేడు పొరుగు సంఘములలో సైతము ఆగెనా, రెండుదినములు వేచియుండుట యుక్తము.

ఇక ధనమునకు సంబంధించిన మాట. తెరనంతయు పంపునప్పుడు ఫోనుకు వచ్చు బ్యాంకు సందేశములును, ఓటీపీలును సభవారందఱి కన్నులబడును. ముందుగా "డూ నాట్ డిస్టర్బ్" పెట్టుకొనవలెను. అంతకంటె ప్రమాదకరమైనది వేఱొకటి కలదు. టెలివిజను కలియలేదని ఇంటర్నెట్టులో దొరకిన ఏదో నంబరుకు ఫోను చేసిన, అవతలివాడు సహాయము చేసెదనని చెప్పి యొక యాప్ పెట్టుకొనుమనును. దానితో మన తెర వాని యింట కనబడును. ఇట్టి యాప్‌లద్వారా ఖాతాలు దోచుచున్నారని రిజర్వు బ్యాంకు 2019లోనే బ్యాంకులను హెచ్చరించెను. టెలివిజనుకు బొమ్మ పంపుటకు అట్టి యాప్ ఏదియు నక్కఱలేదు. ఎవరైన నిట్లు మోసపోయినచో వెంటనే ఇంటర్నెట్టు నాపి, తమ బ్యాంకునకు తెలిపి, 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఎంత త్వరగా చెప్పిన, ధనము చేతులు మాఱకముందే నిలుపుట కంత యవకాశము.